యాక్చువల్స్, ఫోర్‌కాస్ట్ ఒకే రిపోర్టులో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్థిక సంవత్సరం సగంలో ఉండగా ‘ఈ మార్చికి ఎంతలో తేలతాం?’ అని యజమాని అడుగుతాడు. దానికి జవాబు చెప్పే రిపోర్టు గురించే ఈ పేజీ. అయిపోయిన నెలలకు పుస్తకాల్లో పడ్డ లెక్క (యాక్చువల్స్), రావాల్సిన నెలలకు అంచనా (ఫోర్‌కాస్ట్), రెండూ ఒకే వరుసలో ఉండే రిపోర్టు అది. చిన్న వ్యాపారాల అకౌంటెంట్లు, కంపెనీల ఫైనాన్స్ టీముల్లో కొత్తగా చేరినవాళ్లు దీని గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి.

లెక్కలు సులువుగా అర్థం కావడానికి ఒక ఊహా దుకాణాన్ని తీసుకుందాం. విజయవాడలో ఏసీలు, ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే షోరూమ్. సంవత్సరం 2025-26. అంకెలన్నీ లక్షల రూపాయల్లో, జీఎస్టీ కలపకుండా.

6+6, 9+3 అంటే ఏమిటి?

మొదటి అంకె పుస్తకాలు క్లోజ్ అయిన (ఎంట్రీలన్నీ వేసి ముగించిన) నెలలు, రెండోది అంచనా నెలలు. సెప్టెంబర్ క్లోజ్ అయ్యాక వేసేది 6+6. డిసెంబర్ తర్వాత వేసేది 9+3. కొన్ని ఆఫీసుల్లో దీన్నే ‘అవుట్‌లుక్’ అంటారు, కొన్నిచోట్ల ‘లేటెస్ట్ ఎస్టిమేట్’. పేరు ఏదైనా పని ఒకటే. అంకెల్లో చూపించడం మాత్రం మంచి అలవాటు. ‘తాజా అంచనా’ అని రాసిన ఫైలు ఆరు నెలల తర్వాత తెరిస్తే అది ఎప్పటి తాజానో ఎవరికీ తెలియదు.

బడ్జెట్ వేసుకున్నాం కదా, మళ్లీ ఫోర్‌కాస్ట్ ఎందుకు?

బడ్జెట్ ఏడాది మొదట్లో అనుకున్నది. ఫోర్‌కాస్ట్ ఇప్పటిదాకా జరిగింది చూశాక అనుకుంటున్నది. రెండూ కావాలి, పక్కపక్కనే కావాలి.

కేంద్ర బడ్జెట్ పత్రాల్లో ఇదే పద్ధతి కనిపిస్తుంది. అందులో గడిచిన సంవత్సరపు వాస్తవ లెక్కలు, నడుస్తున్న సంవత్సరపు బడ్జెట్ అంచనాలు, అదే సంవత్సరపు సవరించిన అంచనాలు, వచ్చే సంవత్సరపు బడ్జెట్ అంచనాలు, ఇలా నాలుగు కాలమ్‌లు ఉంటాయి. బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది కాబట్టి అప్పటికి ఇంకా రెండు నెలలు మిగిలే ఉంటాయి. అంటే సవరించిన అంచనా అన్నది తప్పనిసరిగా జరిగినదీ జరగబోయేదీ కలిపిన అంకె. 2023-24 ద్రవ్యలోటునే చూడండి. 2023 ఫిబ్రవరిలో బడ్జెట్ వేసినప్పుడు అది జీడీపీలో 5.9 శాతం. ఏడాది తర్వాత సవరించిన అంచనాలో 5.8 అయింది. చివరికి లెక్కలు తేలాక 5.6గా నిలిచింది. సవరించినంత మాత్రాన 5.9ని ఎవరూ చెరిపేయలేదు. చాలా ఆఫీసుల్లో మాత్రం ఫోర్‌కాస్ట్ మారగానే బడ్జెట్ కాలమ్ మీదే కొత్త అంకె వేసేస్తారు. ఆ తర్వాత దేనితో పోల్చాలో ఎవరికీ తెలియదు.

ఏ నెల వరకు యాక్చువల్ అనుకోవాలి?

క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాదు, పుస్తకాలు క్లోజ్ చేసిన నెల. అక్టోబర్ 3న టాలీ (అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్) తెరిచి సెప్టెంబర్ లాభం చూస్తే అది బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే అమ్మకాలన్నీ పడ్డాయి, ఖర్చుల బిల్లులు ఇంకా రాలేదు. కరెంటు బిల్లు, రవాణా బిల్లు, ఈఎంఐ ఫైనాన్స్ కంపెనీ పట్టుకునే చార్జీలు, అన్నీ తర్వాతే వస్తాయి. ఎలక్ట్రానిక్స్ వ్యాపారంలో అయితే కంపెనీ ఇచ్చే స్కీమ్ క్రెడిట్ నోట్లు (అమ్మకాల స్కీముల కింద మనకు తిరిగి ఇచ్చే మొత్తాలు) నెలలు ఆలస్యంగా వచ్చినా ఆశ్చర్యం లేదు. అవి రాకపోతే లాభం తక్కువ కనిపిస్తుంది. రెండు వైపులా తప్పే.

అందుకని బిల్లు రాకపోయినా ఆ నెల ఖర్చుకు, రావాల్సిన స్కీమ్ మొత్తానికి ప్రొవిజన్ పెట్టి, అంటే అంచనా మొత్తం ముందే పుస్తకాల్లో రాసి, క్లోజ్ చేయాలి. మన దగ్గర తేదీలు ఎలాగూ జీఎస్టీ చుట్టూ తిరుగుతాయి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు) తర్వాతి నెల 11కి, జీఎస్‌టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను) 20కి. కొనుగోళ్లు సరిచూసుకునే 2బీ స్టేట్‌మెంట్ 14న వస్తుంది. చిన్న సంస్థకు 15వ తేదీ తర్వాత క్లోజ్ చేయడం వాస్తవికంగా ఉంటుంది. ఐదో తారీఖుకల్లా రిపోర్టు కావాలని యజమాని పట్టుబడితే అమ్మకాల వరకు ఇవ్వండి, లాభం అంకె ఇవ్వకండి.

సగం నెల యాక్చువల్, సగం నెల అంచనా కలపవద్దు. పదిహేను రోజుల అమ్మకం తెలిస్తే దాన్ని ఆ నెల అంచనా సరిచేయడానికి వాడుకోండి. ఆ నెల మాత్రం అంచనా గళ్లలోనే ఉండాలి.

మిగిలిన నెలల అంచనా ఎలా వేయాలి? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

చెబుతారు. లెక్కల్లో తప్పు లేకుండానే ఒకే యాక్చువల్స్ నుంచి నాలుగు జవాబులు వస్తాయి. మన షోరూమ్ అంకెలు చూడండి.

| త్రైమాసికం | 2024-25 యాక్చువల్ | 2025-26 బడ్జెట్ | 2025-26 యాక్చువల్ |
|---|---|---|---|
| ఏప్రిల్-జూన్ | 400 | 420 | 360 |
| జులై-సెప్టెంబర్ | 220 | 240 | 200 |
| అక్టోబర్-డిసెంబర్ | 270 | 300 | ఇంకా రాలేదు |
| జనవరి-మార్చి | 310 | 340 | ఇంకా రాలేదు |
| మొత్తం | 1200 | 1300 | 560 (6 నెలలు) |

మొదటి పద్ధతి: వచ్చిన 560కి, మిగిలిన ఆరు నెలల బడ్జెట్ 640 కలపడం. జవాబు 1200. ఇది అందరూ చేసేది, ఎందుకంటే కష్టం లేదు. మొదటి సగంలో బడ్జెట్ కంటే వంద తగ్గినా, రెండో సగం మీద ఆ ప్రభావం సున్నా అని ఒప్పుకున్నట్టే.

రెండో పద్ధతి: ఆరు నెలలకు 560 కాబట్టి ఏడాదికి 1120. దీన్ని రన్ రేట్ అంటారు. సీజన్ ఉన్న వ్యాపారంలో ఇది ప్రమాదకరం. జూన్ చివర ఇదే లెక్క వేసి ఉంటే 360ని నాలుగుతో గుణించి 1440 అనేవాళ్లం. వేసవి అమ్మకాలు దెబ్బతిన్న సంవత్సరంలో, బడ్జెట్ కంటే 140 ఎక్కువ వస్తుందని రిపోర్టు చెప్పేది!

మూడో పద్ధతి: నిరుడు మొదటి ఆరు నెలల్లో ఏడాది అమ్మకాల్లో ఎంత వాటా వచ్చిందో చూసి, ఆ వాటాతో లెక్కించడం. నిరుడు 1200లో 620, అంటే 51.67 శాతం. ఈ ఏడాది 560ని దానితో భాగిస్తే సుమారు 1084. రన్ రేట్ కంటే చాలా మేలు. కానీ నిరుడు ఎలా జరిగిందో ఈ ఏడాదీ అలాగే జరుగుతుందన్న నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకం ఎక్కడ చెడుతుందో పండుగల ప్రశ్న దగ్గర చూద్దాం.

నాలుగో పద్ధతిని పద్ధతి అనడానికి లేదు. ‘ఏం చేసైనా 1300 కొట్టాల్సిందే’ అని, తగ్గిన వందను అక్టోబర్-మార్చి మీదకు, అందులోనూ ఎక్కువ భాగం మార్చి మీదకు నెట్టేయడం. అప్పుడు రెండో సగానికి 740 కావాలి. నిరుడు అదే ఆరు నెలల్లో వచ్చింది 580. దాదాపు 28 శాతం పెరుగుదల. దానికి కొత్త షాపు లేదు, కొత్త బ్రాండ్ లేదు, కారణం లేదు. అది అంచనా కాదు, టార్గెట్. టార్గెట్ పెట్టుకోవచ్చు, తప్పులేదు, దానికి వేరే కాలమ్ ఉండాలి.

మరి ఏది తీసుకోవాలి?

ఏదీ నేరుగా వద్దు. ముందు తగ్గిన అమ్మకం ఏ రకమో తేల్చండి. పోయిన అమ్మకమా, వాయిదా పడిన అమ్మకమా?

2025 వేసవిలో మే నెలలోనే వానలు పడ్డాయి. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1న కేరళను తాకుతాయి. ఆ ఏడాది మే 24కే వచ్చేశాయి. ఉక్కపోత లేని మేలో ఏసీ కొనని మనిషి అక్టోబర్‌లో కొనడు. నిరుటితో పోలిస్తే మొదటి త్రైమాసికంలో తగ్గిన 40 పోయినట్టే లెక్క.

రెండో త్రైమాసికంలో తగ్గిన 20 కథ వేరు. జీఎస్టీ రేట్లు తగ్గుతాయని ఆగస్టు 15న ప్రకటన వచ్చింది. కొత్త రేట్లు సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏసీలు, పెద్ద టీవీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. మూడు వేలు తగ్గుతుందని తెలిశాక ఎవరైనా నెల రోజులు ఆగరా? వాళ్లు తిరిగి వస్తారు.

కాబట్టి రెండో సగానికి నిరుటి 580తో మొదలుపెట్టి, వాయిదా పడిన 20 కలిపి, జనవరిలో గుడివాడలో తెరవబోయే కొత్త కౌంటర్‌కు 15 కలిపాం అనుకోండి. 615. దానికి 560 చేరిస్తే 1175. ఈ అంకె పైనున్న నాలుగింటి కంటే కచ్చితమైనదని నేను హామీ ఇవ్వను. కానీ ఇందులో ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది. నవంబర్‌లో అది తప్పితే ఏ ముక్క తప్పిందో వేలు పెట్టి చూపించొచ్చు. గుడివాడ కౌంటర్ ఫిబ్రవరికి జరిగిందా? 15ని సరిచేస్తే సరి.

మా సేల్స్ మేనేజర్ ఒక అంకె ఇస్తాడు, యజమాని ఇంకోటి అంటాడు. షీట్‌లో ఏది పెట్టాలి?

కింది నుంచి వచ్చిన అంకె అలాగే ఉంచండి. యజమాని సర్దుబాటుకు కింద ఒక వరుస వేసి ‘యాజమాన్య సర్దుబాటు’ అని రాయండి, ప్లస్ అయినా మైనస్ అయినా. బ్రాంచి అంకెల్లో దాన్ని కలిపేస్తే మూడు నెలల తర్వాత బ్రాంచి మేనేజర్ ‘ఆ అంకె నేనివ్వలేదు’ అంటాడు, నిజంగానే ఇచ్చి ఉండడు.

జీఎస్టీతో కలిపి చూపించాలా, లేకుండానా?

లేకుండా. అంతకంటే ముఖ్యం, యాక్చువల్, ఫోర్‌కాస్ట్ రెండూ ఒకే రకంగా ఉండాలి. పన్ను లేకుండా 30,000 ధర ఉన్న ఏసీ పాత రేటుతో 38,400 బిల్లు అయ్యేది, కొత్త రేటుతో 35,400. దుకాణానికి అమ్మకం రెండు సందర్భాల్లోనూ 30,000. ఎవరైనా బిల్లు మొత్తాలతో, లేదా బ్యాంకులో పడ్డ డబ్బుతో యాక్చువల్స్ నింపితే సెప్టెంబర్ 22 తర్వాత ఒక్కో ఏసీ మీద అమ్మకం 7.8 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. పడింది పన్ను మాత్రమే.

ఇలా అతుకు కుదరని చోట్లు ఇంకా ఉంటాయి. యాక్చువల్స్ లెడ్జర్ వారీగా ఉంటాయి, అంచనా నాలుగైదు పద్దుల్లో ఉంటుంది. అమ్మకాల వాపసులు యాక్చువల్స్‌లో తీసేసి ఉంటాయి, సేల్స్ వాళ్ల అంచనాలో ఉండవు. ఏ లెడ్జర్ ఏ పద్దులోకి వెళ్తుందో ఒక పట్టిక రాసి పెట్టుకోండి. కొత్త లెడ్జర్ తెరిచినప్పుడు అది ఆ పట్టికలో లేకపోతే రిపోర్టులో ఎర్రగా కనిపించేలా ఒక చెక్ పెట్టండి. రిపోర్టులోని మొత్తం టాలీలో ఉన్న ట్రయల్ బ్యాలెన్స్‌తో (అన్ని ఖాతాల నిల్వల జాబితాతో) కలవాలి. కలవకపోతే పంపకండి.

ఎక్సెల్‌లో ఎలా కట్టాలి? ప్రతి నెలా ఫార్ములాలు మార్చడం విసుగ్గా ఉంది.

మార్చకూడదు. కట్‌ఆఫ్ నెల, అంటే పుస్తకాలు క్లోజ్ చేసిన చివరి నెల, ఒకే ఒక గడిలో ఉండాలి. యాక్చువల్స్ ఒక షీట్, ఫోర్‌కాస్ట్ ఒక షీట్, రిపోర్టు మూడో షీట్. రిపోర్టులో ప్రతి నెల గడిలోనూ ఒకటే ఇఫ్ ఫార్ములా ఉంటుంది: నెల సంఖ్య కట్‌ఆఫ్ కంటే తక్కువ లేదా సమానమైతే యాక్చువల్స్ షీట్ నుంచి, లేకపోతే ఫోర్‌కాస్ట్ షీట్ నుంచి తీసుకో. రెండు చోట్లా లాగడానికి సమ్‌ఇఫ్స్ (షరతులకు సరిపోయే అంకెలను కూడే ఫంక్షన్) చాలు. నెల మారితే ఆ ఒక్క గడి మార్చండి, మిగతాదంతా అదే కదులుతుంది.

ఇందులో మన దేశపు ఆర్థిక సంవత్సరం వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. క్యాలెండర్ నెల సంఖ్యలు వాడితే జనవరి 1, మార్చి 3. కట్‌ఆఫ్ సెప్టెంబర్, అంటే 9 అని పెడితే జనవరి, ఫిబ్రవరి, మార్చి కూడా 9 కంటే తక్కువే కదా, ఫార్ములా వాటిని అయిపోయిన నెలలుగా తీసుకుని యాక్చువల్స్ నుంచి సున్నాలు తెస్తుంది. ఏడాది అంచనాలో మూడు నెలలు మాయం. ఏప్రిల్‌కు 1, మార్చికి 12 వచ్చేలా సంఖ్యలు ఇవ్వాలి. క్యాలెండర్ నెల సంఖ్య నుంచి 4 తీసేసి, మాడ్ ఫంక్షన్‌తో 12కి శేషం తీసి, 1 కలిపితే సరిపోతుంది. ఏడాది దాటిన రిపోర్టులైతే నెల సంఖ్యలు వదిలేసి పూర్తి తేదీలనే పోల్చండి.

ఇంకో అలవాటు మానుకోవాలి: ‘యాక్చువల్ గడి ఖాళీగా ఉంటే ఫోర్‌కాస్ట్ తీసుకో’ అనే ఫార్ములా. చూడటానికి తెలివిగా ఉంటుంది. క్లోజ్ చేసిన నెలలో ఒక బ్రాంచిలో నిజంగానే అమ్మకం లేకపోతే, అక్కడ అంచనా అంకె వచ్చి కూర్చుంటుంది. నడుస్తున్న నెలలో రెండు బిల్లులు పడగానే అంచనా పోయి ఆ రెండు బిల్లుల మొత్తమే నెల అమ్మకంగా కనిపిస్తుంది. ఖాళీని చూసి కాదు, కట్‌ఆఫ్‌ను చూసి నిర్ణయించాలి.

పండుగలు తేదీలు మారుతుంటాయి. వాటినెలా లెక్కలోకి తీసుకోవాలి?

తెలుగు రాష్ట్రాల్లో వ్యాపారం చేసేవాళ్లు దీని మీద ఎక్కువ సమయం పెట్టాలి. పెద్ద సాఫ్ట్‌వేర్లు కూడా తమంతట తాము దీన్ని పట్టుకోలేవు.

ఉగాదినే తీసుకోండి. అది మార్చి 31కి అటూ ఇటూ ఊగుతుంది, మన ఆర్థిక సంవత్సరం సరిగ్గా అక్కడే మారుతుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. అంటే 2024-25లో రెండు ఉగాదులు! 2023 ఉగాది మార్చి 22నే అయిపోయింది కాబట్టి 2023-24లో ఒక్కటీ లేదు. 2026లో మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న. అంటే 2026-27లో మళ్లీ ఉగాది లేదు. ఉగాది ఆఫర్ల మీద ఆధారపడే బట్టల షాపో, ఎలక్ట్రానిక్స్ షోరూమో నిరుటితో పోల్చి ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని చెప్పేముందు ఇది చూసుకోవాలి.

మన ఉదాహరణకు వస్తే, మూడో పద్ధతిలో వాడిన 620లో 2024 ఏప్రిల్ నాటి ఉగాది అమ్మకం ఒకటి దాగి ఉంది. అది 12 లక్షలు అనుకుందాం. 2025 ఏప్రిల్‌లో ఉగాది లేదు. ఆ 12 తీసేస్తే నిరుటి మొదటి సగం 608, ఏడాది 1188, వాటా 51.18 శాతం. అప్పుడు ఈ ఏడాది లెక్క 1084 కాదు, 1094. తేడా చిన్నదే, కానీ పంచాంగం చూడకుండా ఇది దొరకదు.

దసరా, దీపావళి కూడా అంతే. 2024లో దసరా అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న. పది రోజులు ముందుకు జరగడంతో దసరా కొనుగోళ్లలో కొన్ని సెప్టెంబర్ చివరి వారంలోకి, అంటే రెండో త్రైమాసికంలోకి వస్తాయి. ఇక అధిక మాసం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆ రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు, పెళ్లి సామాను కింద వెళ్లే ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు కదలవు. ముహూర్తాలున్న వారాలు ఏవో రాసుకుని, నెల కాకుండా పండుగను బట్టి అమ్మకాలు సర్దాలి.

ఎక్సెల్ సరిపోదా, ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలా?

ఒకటి రెండు బ్రాంచీలు, ఒకరో ఇద్దరో అంకెలు వేసేవాళ్లు ఉంటే ఎక్సెల్ చాలు. పదిమంది మేనేజర్లు ఒకేసారి అంచనాలు నింపాల్సి వస్తే, ఎవరు ఏ అంకె ఎప్పుడు మార్చారో తెలియాల్సి వస్తే అప్పుడు శాప్ అనలిటిక్స్ క్లౌడ్, ఒరాకిల్, అనాప్లాన్ లాంటివి చూడొచ్చు. వాటిలో యాక్చువల్, బడ్జెట్, ఫోర్‌కాస్ట్ అన్నవి వెర్షన్లుగా ఉంటాయి. అదే క్రమశిక్షణ ఎక్సెల్‌లోనూ తెచ్చుకోవచ్చు. నెలలను అడ్డంగా పరచకుండా తేదీ, బ్రాంచి, పద్దు, వెర్షన్, మొత్తం అని ఐదు కాలమ్‌ల పొడుగు పట్టికగా డేటా ఉంచండి. పివట్ టేబుల్ అయినా పవర్ బీఐ (రిపోర్టుల సాఫ్ట్‌వేర్) అయినా దాన్ని తేలిగ్గా తీసుకుంటుంది.

బ్యాలెన్స్ షీట్, నగదు ప్రవాహం కూడా ఇలాగే కలపొచ్చా?

కలపొచ్చు, కూడకూడదు. అమ్మకాలు పన్నెండు నెలలవి కూడితే ఏడాదివి అవుతాయి. సరుకు నిల్వ, రావాల్సిన బాకీలు, బ్యాంకు బ్యాలెన్స్ అలా కూడవు. వాటికి ఏడాది అంకె అంటే మార్చి చివరి అంకె. కట్‌ఆఫ్ నెల యాక్చువల్ ముగింపు నిల్వే తర్వాతి నెల అంచనాకు ప్రారంభ నిల్వ కావాలి. ఇక్కడే లింకు ఎక్కువగా తెగుతుంది. బడ్జెట్‌లో సెప్టెంబర్ చివర సరుకు 90 అనుకున్నారు, అమ్ముడుపోని ఏసీలతో నిజంగా 140 ఉంది అనుకోండి. ఫోర్‌కాస్ట్ షీట్ ఇంకా 90 నుంచే మొదలైతే మీ నగదు అంచనాలో 50 లక్షలు గాలిలో ఉంటాయి. అదే 140 నుంచి మొదలైతే అక్టోబర్‌లో కొత్త సరుకు తక్కువ కొనాలని షీటే చెబుతుంది.

పాత ఫోర్‌కాస్ట్‌లు దాచుకోవాలా?

తప్పకుండా. యాక్చువల్ రాగానే దాని కింద ఉన్న అంచనా చెరిగిపోతే, మీ అంచనాలు ఎంత బాగుంటున్నాయో ఎప్పటికీ తెలియదు. 3+9, 6+6, 9+3 ప్రతి ఒక్కటీ వేసిన రోజున అంకెలుగా కాపీ చేసి, తేదీతో పక్కన పెట్టండి. ఏడాది చివర ఈ మూడింటినీ అసలు లెక్క పక్కన వరుసగా పెడితే మీ టీము స్వభావం బయటపడుతుంది. ప్రతిసారీ పైనే వేస్తున్నారా, అమ్మకాలు బాగా వేసి ఖర్చులు మరిచిపోతున్నారా అన్నది కనిపిస్తుంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి తప్పడం పెద్ద సమస్య కాదు. ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే ఎవరైనా కావాలని అలా వేస్తున్నారేమో చూడాలి.

క్లోజ్ చేసిన నెలలో ఎవరో పాత తేదీతో ఎంట్రీ వేశారు. ఇప్పుడేం చేయాలి?

ముందు అది ఎలా వెళ్లిందో చూడండి. కంపెనీలైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో చూపే రికార్డు) ఉండే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన ఉంది, కాబట్టి జాడ దొరుకుతుంది. మొత్తం చిన్నదైతే నడుస్తున్న నెలలో సరిచేయండి. పెద్దదైతే పాత నెల యాక్చువల్ మార్చి, రిపోర్టు మొదటి పేజీలోనే ‘ఆగస్టు లాభం 6 లక్షలు తగ్గింది, కారణం ఇది’ అని ఒక వాక్యం రాయండి. చెప్పకుండా మారిన పాత అంకె ఒక్కటి కనిపిస్తే చాలు, చదివేవాళ్లు మిగతా అంకెలన్నిటినీ అనుమానిస్తారు.

గ్రాఫ్‌లో ఎలా చూపించాలి?

యాక్చువల్ నిండు గీత, అంచనా చుక్కల గీత. పట్టికలో అంచనా నెలలకు లేత రంగు. కట్‌ఆఫ్ గడి మారితే రంగు దానంతటదే మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. శీర్షిక కూడా అదే గడి నుంచి రావాలి: ‘సెప్టెంబర్ 2025 వరకు యాక్చువల్’. ఇంతకంటే అలంకారాలు అక్కర్లేదు.

బ్యాంకు సీఎంఏ డేటా అడిగింది. ఇదే రిపోర్టు ఇవ్వొచ్చా?

నేరుగా కాదు, కానీ అంకెలు ఇక్కడి నుంచే వెళ్లాలి. వర్కింగ్ క్యాపిటల్ లోన్‌కు అడిగే సీఎంఏ పట్టికల్లో గడిచిన సంవత్సరాల ఆడిటెడ్ లెక్కలు, నడుస్తున్న సంవత్సరపు ఎస్టిమేట్, వచ్చే సంవత్సరపు ప్రొజెక్షన్ ఉంటాయి. మధ్యలో ఉన్న ఆ ఎస్టిమేట్ కాలమ్‌లో వచ్చేది మన 6+6.

ఇక్కడ ఆశ ఎక్కువ పనిచేస్తుంది. చిన్న సంస్థలకు వాడే టర్నోవర్ పద్ధతిలో అంచనా అమ్మకాల్లో 20 శాతాన్ని బ్యాంకు లిమిట్‌గా లెక్కిస్తారు. ఆ శాతాన్ని బట్టి చూస్తే 1175 బదులు 1300 చూపిస్తే లిమిట్ 25 లక్షలు పెరుగుతుంది. అందుకే కొందరు నాలుగో పద్ధతి అంకెను బ్యాంకుకు ఇచ్చి, 1175ని తమ దగ్గరే ఉంచుకుంటారు. బ్యాంకు చేతిలో జీఎస్టీ రిటర్నులు, ఖాతా లావాదేవీలు రెండూ ఉంటాయి. ఆరు నెలలకు 560 చూసినవాడు మిగిలిన 740 ఎలా వస్తాయని అడుగుతాడు. కారణాలున్న అంకెకు జవాబు ఉంటుంది. ఇవ్వాల్సింది 1175.

అడ్వాన్స్ ట్యాక్స్‌కు ఇది పనికొస్తుందా?

చాలా. అడ్వాన్స్ ట్యాక్స్ ఏడాది మొత్తం ఆదాయపు అంచనా మీదే కట్టాలి: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి నూరు శాతం. అంటే జూన్ 15న చేతిలో రెండు నెలల యాక్చువల్స్ ఉంటాయి, మార్చి 15న పదకొండు. వేసవిలో లాభం ఎక్కువ వచ్చే మన షోరూమ్ రన్ రేట్‌తో లెక్కిస్తే జూన్‌లో అనవసరంగా ఎక్కువ కట్టేస్తుంది. తక్కువ కడితే వడ్డీ పడుతుంది. ప్రతి గడువుకు వారం ముందు రిపోర్టు తాజా చేసి, ఆ కాపీని చలానాతో పాటు ఫైలులో పెట్టండి.

ఏడాది చివరి వరకే చూడాలా, ఎప్పుడూ ముందు 12 నెలలు చూడాలా?

బోనస్, ట్యాక్స్, బ్యాంకు, అన్నీ మార్చి మీదే నడుస్తాయి కాబట్టి మార్చి లెక్క ఉండాల్సిందే. అయితే జనవరిలో 9+3 చూసేటప్పుడు మీ చూపు మూడు నెలలకు కుంచించుకుపోతుంది. ఏసీల ఆర్డర్లు మాత్రం అప్పుడే, వచ్చే వేసవికి పెట్టాలి. ఒక్క కొనుగోళ్లకు, నగదుకు 12 నెలల రోలింగ్ అంచనా పెట్టుకోండి. అన్ని ఖర్చులకూ రోలింగ్ వేయడం చిన్న సంస్థకు భారం. స్టేషనరీకి రోలింగ్ ఫోర్‌కాస్ట్ ఎవరూ అడగరు.

మార్చి అయిపోయింది. 12+0 అంటే ఫైనల్ లెక్క కదా?

ఇంకా కాదు. స్టాక్ లెక్కింపు, తరుగుదల, ఇవ్వాల్సిన బోనస్, కంపెనీల నుంచి రావాల్సిన ఏడాది టార్గెట్ స్కీములు, రాని బాకీల ప్రొవిజన్, ఇవన్నీ ఆడిట్‌లో తేలతాయి. ఏప్రిల్ రిపోర్టులో మార్చి కాలమ్ మీద ‘ఆడిట్‌కు ముందు’ అని రాసి ఉంచండి. ఆడిట్ పూర్తయ్యాక వచ్చిన తేడాను 2025-26లోనే చూపించి, కొత్త సంవత్సరపు వాటా లెక్కలకు ఆ సరిచేసిన అంకెలనే వాడండి.